లోపలి కయ్యకు దారి

2023 జూన్. నెల్లూరులో ట్రంక్ రోడ్డుకు రెండు సందుల అవతల, ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. అప్పటికి పదేళ్ళుగా వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు చేస్తున్నాను. బడికి చేశాను, ఆసుపత్రికి చేశాను, రొయ్యల మేత అమ్మేవాళ్ళకు చేశాను, ఒకసారి పెళ్ళి వంటవాళ్ళకు కూడా చేశాను. ఆఫీసంటే ఇద్దరమే, నేనూ ఇర్ఫానూ. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న. మా ఇద్దరిలో మొండివాళ్ళు ఎవరని అడిగితే ఒకరి పేరు ఒకరం చెబుతాం.

ఆ నెలలో మా మెట్లెక్కి వచ్చిన పెంచలయ్య గారిది కొడవలూరు దగ్గర పల్లె. ఆయనకు రెండు వరికోత మిషన్లున్నాయి, బురదలోకి కూడా దిగే చైన్ మిషన్లు. మా జిల్లాలో ఎండల్లో నాటి పెద్ద వానలకు ముందే కోసుకునే రెండో పంటను ఎడగారు అంటారు. అది కోతకొచ్చిందంటే విడవలూరు వైపు పల్లెల నుంచి ఆయనకు ఒకటే ఫోన్లు. మాట్లాడి మాట్లాడి చెవి వేడెక్కిపోతోందని, ఎవరి వంతు ఎప్పుడో రైతుకు తన ఫోన్లోనే కనపడాలని ఆయన కోరిక.

“రైతు నొక్కాల, నా డ్రైవరుకు తెలియాల, నన్ను అన్నం తిననియ్యాల. అంతే తల్లీ నాక్కావాల్సింది” అన్నారు.

ఇంత స్పష్టంగా పని చెప్పే క్లయింట్ దొరకడం మా వృత్తిలో అరుదు. సంతోషంగా పుస్తకం తీశాను. రైతు ఫోన్ చేసినప్పుడు మీరేమేం అడుగుతారని అడిగాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పారు: పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, ఏ రకం వడ్లు, పంట పండిందా లేదా. ఇంకేమైనా అడుగుతారా అంటే ఇంకేముంటుందన్నారు. ఆ ఐదూ రాసుకుని కింద గీత గీశాను. ఆ గీతను నేను ఒక సీజన్ ముందుగా గీసేశానని అప్పుడు తెలియదు.

ఇక్కడ బ్యాకెండ్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఫోన్లో మీకు కనపడే బొమ్మలు, బటన్లు యాప్‌కు ముఖం మాత్రమే. మీరు నొక్కింది ఎక్కడ దాచాలి, ఎవరికి చూపాలి, ఎవరికి చూపకూడదు, ఎవరికి మెసేజ్ పంపాలి అనేదంతా వెనక నడుస్తుంది. అదే బ్యాకెండ్. దాన్ని మొదటి నుంచీ మనమే రాసుకోవచ్చు. లేదా లాగిన్, డేటా దాచడం, మెసేజ్ పంపడం అన్నీ సిద్ధం చేసి ఇచ్చే ప్లాట్‌ఫామ్ ఒకటి తీసుకుని దాని మీద కట్టుకోవచ్చు. చిన్న ఆఫీసులన్నీ చేసేది రెండోదే. మాలాంటివాళ్ళు ప్రతిదీ సొంతంగా రాయాలంటే పంట కోతకొచ్చి, కోసి, మళ్ళీ నాట్లు కూడా అయిపోతాయి.

మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి డాక్యుమెంట్ డేటాబేస్ మీద నడిచే ప్లాట్‌ఫామ్. అందులో ఒక్కో బుకింగ్ ఒక విడి కాగితం లాంటిది. అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి కానీ ఒక కాగితానికి పక్క కాగితంతో పనిలేదు. రెండోది రిలేషనల్ డేటాబేస్ ఉన్న ప్లాట్‌ఫామ్. అందులో అంతా పట్టికలు. ఒక పట్టికలోని వరుస ఇంకో పట్టికలోని వరుసను చూపిస్తూ ఉంటుంది. ఈ పొలం ఈ రైతుది, ఈ బుకింగ్ ఈ పొలానిది అని సంబంధాలు కట్టి, అవి తెగకుండా కాపలా కాస్తుంది.

నేను మొదటిదన్నాను. ఇర్ఫాన్ రెండోదన్నాడు. రెండు రోజులు వాదించుకున్నాం. నా కారణం మంచిదే. సముద్రం వైపు పొలాల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆ ప్లాట్‌ఫామ్‌లో ఆఫ్‌లైన్ సింక్ తయారుగా ఉంది. అంటే సిగ్నల్ లేనప్పుడు నొక్కింది ఫోన్లోనే ఆగి, సిగ్నల్ రాగానే దానంతటదే సర్వర్‌కు చేరుతుంది. పైగా కోతలకు రెండు నెలలే ఉంది. ఇర్ఫాన్ చెప్పిన కారణం మాత్రం, ఏ క్లయింట్ అయినా చివరకు ఏదో ఒక లెక్క అడుగుతాడు, అప్పుడు పట్టికలుంటే సుఖం అని. నేను నవ్వి కొట్టిపారేశాను. పేర్లు ఒక క్రమంలో రాసుకునే యాప్‌కు సంబంధాలెందుకయ్యా, ఇదేమన్నా పెళ్ళిళ్ళ పేరయ్య పనా అన్నాను. అతను అలిగి ఆ రోజు టీ తనొక్కడికే తెప్పించుకున్నాడు.

యాప్ ఆగస్టు మధ్యకల్లా తయారైంది. చూడటానికి చక్కగా ఉంది. రైతు పేరు నొక్కగానే వరసలో చేరుతుంది, ముందు నొక్కినవాళ్ళకు ముందు వంతు. వంతు వచ్చే ముందురోజు ఒక మెసేజ్ వెళుతుంది: “మీ బుకింగ్ ఖరారైంది. రేపు ఉదయం మిషన్ మీ పొలానికి వస్తుంది.” ఆ వాక్యం నేనే రాశాను. నాలుగైదు రకాలుగా రాసి, చివరికి రైతుకు భరోసా ఇచ్చేలా ఉందని అదే ఉంచాను. పెంచలయ్య గారు చూసి, గవర్నమెంటోళ్ళ కాగితం మాదిరి భలే ఉండాదే అని మురిసిపోయారు.

సెప్టెంబరు మొదట్లో కోతలు మొదలయ్యాయి. మొదటి రోజు యాప్ ఎలా నడుస్తుందో కళ్ళారా చూడాలని ఉదయమే ఇర్ఫాన్ బండి మీద కొడవలూరు మీదుగా విడవలూరు వైపు బయలుదేరాం. వరి పండిన వాసన, పక్కన కాలవ నీళ్ళు, నేను చేసిన పని నడుస్తున్న పల్లె. నిజం చెప్పొద్దూ, దారి పొడుగునా గర్వంగానే ఉంది.

మేం వెళ్ళేసరికి మిషన్ తారు రోడ్డు పక్కన ఆగి ఉంది. డ్రైవర్ దాని నీడలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. రోడ్డు దిగువన గట్టు మీద ఒక ఆవిడ నిలబడి ఉంది. వయసు యాభై ఉంటుంది, చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్. ఆమే చెంచమ్మ, మా వరసలో మొదటి నంబరు. ఎకరంన్నర కౌలుకు చేస్తోంది. ఆ ఏడాది తిండిగింజలూ, మళ్ళీ పంటకు విత్తనమూ ఆ ఎకరంన్నరలోంచే రావాలని ఆమెతో మాట్లాడాక తెలిసింది.

మిషన్ ఎందుకు ఆగిందో రెండు నిమిషాల్లో అర్థమైంది. చెంచమ్మ కయ్య, అంటే ఆమె వరి మడి, రోడ్డును ఆనుకుని లేదు. రోడ్డుకూ దానికీ మధ్యలో సుబ్బరామయ్య గారనే ఇంకో రైతు కయ్య ఉంది. ఆయనది ఆలస్యంగా నాటిన పంట, ఇంకా పది రోజులు పచ్చగానే ఉంటుంది. మిషన్ లోపలికి పోవాలంటే ఆ నిలబడిన పంటలోంచే పోవాలి. వేరే దారి లేదు; మిగతా మూడు వైపులా కాలవలూ మురుగు బోదులూ.

సముద్రం వైపు ఆకాశం నల్లబడుతోంది. సాయంత్రానికో మర్నాటికో వాన తప్పదని దారిలో అందరూ అంటూనే ఉన్నారు. చెంచమ్మ పంట పూర్తిగా పండి, వెన్నులు వంగి ఉంది. వాన పడితే పైరు నేలకొరుగుతుంది, గింజ నీళ్ళలో మొలకెత్తుతుంది. మిషన్ ఇప్పుడు రెండో నంబరు రైతు దగ్గరకు వెళ్ళిపోతే మళ్ళీ ఇటు రావడానికి నాలుగు రోజులు. చేత్తో కోయిద్దామంటే ఉన్నపాటున కూలీలు దొరకరు.

“ఇందులో వస్తుందని ఉండాది గదమ్మా” అని చెంచమ్మ ఫోన్ నాకు చూపించింది. నా వాక్యమే. రేపు ఉదయం మిషన్ మీ పొలానికి వస్తుంది.

ప్రతి ఏడూ మిషన్ ఎలా పోయేదక్కా అని అడిగాను. సుబ్బరామయ్య అన్న ఇంటికి పోయి దారి అడిగేదాన్నని చెప్పింది. ఆయన సరేనంటే, మిషన్ పట్టేంత వెడల్పున పంటను ముందే కొడవలితో కోసి బాట చేసేవాళ్ళు. ఒక్కొక్కసారి ఆయన పంటా పండి ఉండేది, అప్పుడు పేచీయే లేదు. మరి ఈసారి ఎందుకు అడగలేదంటే, ఆమె నా ముఖంలోకి ఆశ్చర్యంగా చూసింది.

“మిషన్ వస్తుందని కంపినీ వాళ్ళే రాసినాక, దారి కూడా వాళ్ళే అడిగేసుంటారనుకున్నా. మళ్ళా నేను పోయి అడిగితే, ఒకసారి ఇచ్చినాక ఇంకోసారి ఏంది అంటాడేమోనని ఊరుకున్నా.”

అక్కడే నిలబడి పెంచలయ్య గారికి ఫోన్ చేశాను. రైతు వంతు అడిగినప్పుడు మీరు దారి గురించి అడిగేవాళ్ళా అన్నాను. “అడక్కుండా వంతు ఎట్టిస్తానమ్మా” అన్నారాయన. దారి అడిగినావా అన్నదే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాటట. జూన్‌లో నాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. ఫోన్ తీసి హలో అంటానని కూడా ఆయన నాకు చెప్పలేదు కదా. మనిషికి ఊపిరిలా అలవాటైపోయిన సంగతి, అడిగితే వేళ్ళ మీద లెక్కకు రాదు. తాను బయలుదేరి వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఈలోగా ఇర్ఫాన్ గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. చెంచమ్మ వంతును ‘సుబ్బరామయ్య గారు సరే అనేదాకా ఆగాలి’ అని మారుద్దామని మా ఆలోచన. మార్చడానికి చోటే లేదు. ఆమె బుకింగ్ ఒక విడి కాగితం. అందులో ఆమె పేరుంది, ఊరుంది, ఎకరాలున్నాయి. సుబ్బరామయ్య గారు ఇంకా బుక్ చేసుకోలేదు కాబట్టి మా డేటాబేస్‌లో ఆయన అనే మనిషే లేడు. ఈ పొలం మొత్తంలో ఆ పూట అందరికంటే ముఖ్యమైన మనిషి మా యాప్‌కు తెలియనే తెలియదు. ఇర్ఫాన్ నా వైపు చూసి ల్యాప్‌టాప్ మూసేశాడు.

పెంచలయ్య గారు అరగంటలో వచ్చారు. డ్రైవరును అక్కడే ఆగమని చెప్పి, చెంచమ్మను, మమ్మల్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి నడిచారు. సుబ్బరామయ్య గారు ఇంటి ముందు గేదెకు నీళ్ళు పోసి రుద్దుతున్నారు. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. మమ్మల్నందరినీ చూసి కూడా రుద్దడం ఆపలేదు.

“ఏం చెంచమ్మా, ఈ ఏడు దారి ఫోనే ఇచ్చేసిందంటనే” అన్నారు.

అందులో వెటకారం ఉంది కానీ, దాని కింద నొప్పి కూడా ఉంది. మిషన్ పొద్దున్నే వచ్చి తన కయ్య దగ్గర నిలబడిందని ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మాట చెప్పకుండా తన పంట తొక్కడానికే వచ్చిందని అనుకుని ఉండాలి. తప్పయిపోయిందన్నా అని చెంచమ్మ తలవంచుకుంది. ఆమె అలా నిలబడటం నేను చూడలేకపోయాను. తప్పు ఆమెది కాదండీ, ఆ మాట రాసి పంపింది నేను అని ముందుకు వెళ్ళి చెప్పాను.

ఆయన అప్పుడు చెయ్యి ఆపారు. నన్ను పైనుంచి కిందికి చూశారు.

“నువ్వా రాసింది? మరి మిషన్ ఆయమ్మ కయ్యలోకి వస్తుందని రాసేటప్పుడు, మధ్యలో నా కయ్య కనపడలేదా తల్లీ?”

కనపడలేదండీ అన్నాను. నేనీ పల్లెకు రావడం ఇదే మొదలు, ఆఫీసులో కూర్చునే రాశాను అని కూడా చెప్పాను. అది వినడానికి ఎంత సిగ్గుగా ఉందో చెప్పడానికి అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఆయన మాత్రం కోప్పడలేదు. చెంబులో మిగిలిన నీళ్ళు గేదె మీద పోసి, చేతులు తుడుచుకుని, చూరులోంచి కొడవలి తీశారు.

“నా కయ్యలో మురుగు నీళ్ళు ఆయమ్మ కయ్యలో నుంచే గదా కాలవలోకి పోయేది. ఆయమ్మ ఎప్పుడన్నా కాదన్నిందా? నేను మాత్రం ఎట్ట కాదంటాను. పదండి, మబ్బు చూస్తుండారా” అన్నారు.

తర్వాతి రెండు గంటలు నా ఉద్యోగ జీవితంలో బాగా గుర్తున్న గంటలు. సుబ్బరామయ్య గారు, చెంచమ్మ, పక్క పొలంలో పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కలిసి కొడవళ్ళతో బాట కోశారు. పెంచలయ్య గారు పంచె ఎగ్గట్టి కోసిన పచ్చి పైరు మోపులు కట్టి గట్టు మీదికి చేరవేశారు. అది గేదెకు మేత. ఇర్ఫాన్ కూడా కొడవలి పట్టబోతే, కంప్యూటరు వేళ్ళు పోతాయి, ఆగు నాయనా అని వాళ్ళు వద్దన్నారు. నేను మోపులు మోశాను. పోయిన గింజలకు బదులు తన వడ్లిస్తానని చెంచమ్మ అంటే, సుబ్బరామయ్య గారు వినపడనట్టు కోసుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి మిషన్ బాటలోకి దిగింది. మూడు గంటలకల్లా చెంచమ్మ వడ్లు ట్రాక్టర్లో పడ్డాయి. వాన ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున పడింది. బాగా పడింది.

ఆ సీజన్‌లో ఇక బ్యాకెండ్‌ను కదపలేదు. కోతల మధ్యలో డేటాబేస్ మార్చడం అంత తెలివితక్కువ పని లేదు. ఖరారు మెసేజ్ ఆపేశాం. పెంచలయ్య గారు ప్రతి రైతుకూ ఫోన్ చేసి దారి అడిగినావా అని కనుక్కున్నాకే డ్రైవరును పంపేవారు. అంటే ఆయన చెవి మళ్ళీ వేడెక్కింది. ఒక్కరోజు కూడా నన్ను దెప్పలేదు. ఆ మంచితనం నాకింకా బాకీలాగే అనిపిస్తుంది.

కోతలయ్యాక ప్లాట్‌ఫామ్ మార్చాం. పాతదాని తప్పేమీ లేదు, అది చెప్పిన పని చక్కగా చేసింది. మేం ఎంచుకున్న తీరే తప్పు. మాకు కనపడింది పేర్ల వరస. నిజంగా ఉన్నది పొలాల మధ్య సంబంధం. అందుకే రిలేషనల్ డేటాబేస్‌కు వచ్చాం. పొలాలకు ఒక పట్టిక, ఏ పొలానికి ఏ పొలంలోంచి దారో చెప్పే పట్టిక ఇంకొకటి. బుక్ చేసుకునే రైతును ఇప్పుడు ఆరో ప్రశ్న అడుగుతాం: మిషన్ ఎవరి పొలంలోంచి రావాలి? ఆ పేరు చెప్పగానే, వాళ్ళు బుక్ చేసుకోకపోయినా సరే, డేటాబేస్‌లో వాళ్ళకొక చోటు ఏర్పడుతుంది. వాళ్ళు సరే అనేదాకా లోపలి రైతు వంతు ఖరారు కాదు. తయారుగా వచ్చిన ఆఫ్‌లైన్ సింక్‌ను మాత్రం పోగొట్టుకున్నాం. దాన్ని మేమే రాసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇర్ఫాన్ రోజుకోసారి, సంబంధాలు బాగా కుదిరాయా పేరయ్య గారూ అని నన్ను పలకరించేవాడు. అతను చెప్పిన కారణం వేరు కదా అని నేను గుర్తు చేస్తే, కారణం ఏదైనా సలహా నాదే కదక్కా అనేవాడు.

తర్వాతి పంట మార్చిలో కోతకొచ్చింది. చెంచమ్మ బుక్ చేసుకుంది. సుబ్బరామయ్య గారి ఫోన్‌కు వెంటనే నోటిఫికేషన్ వెళ్ళింది: చెంచమ్మ గారు మీ పొలంలోంచి దారి అడుగుతున్నారు. కింద ‘సరే’ అనే బటన్. ఒక రోజు గడిచింది, ఆయన నొక్కలేదు. రెండో రోజూ నొక్కలేదు. మెసేజ్ తెరిచినట్టు మాకు కనపడుతోంది, జవాబు లేదు. ఏదో చెడిందని ఇర్ఫాన్ కోడ్ అంతా వెతికాడు. సాయంత్రం వరకు జవాబు రాకపోతే మళ్ళీ మళ్ళీ గుర్తు చేసే రిమైండర్ ఒకటి రాసి సిద్ధం చేశాడు. అది పెట్టే ముందు ఒక మాట అడుగుదామని నేను సుబ్బరామయ్య గారికి ఫోన్ చేశాను. బటన్ పనిచేయడం లేదా అండీ అన్నాను.

“పనిచేస్తుంది తల్లీ. ఇప్పుడే నొక్కినా. చెంచమ్మ ఇందాకే ఇంటికొచ్చి అడిగి పోయింది” అన్నారు.

రెండు రోజులు ఎందుకు ఆగారు, మెసేజ్ అప్పుడే వచ్చింది కదా అన్నాను.

“నొక్కేదానికేముందమ్మా, అది ఫోనుకు జవాబు. ఆయమ్మ వస్తే గదా ఆయమ్మకు ఇచ్చినట్టుండేది.”

ఫోన్ పెట్టేసి ఇర్ఫాన్‌కు చెప్పాను. అతను రిమైండర్ కోడ్ మొత్తం ఎంచి చెరిపేశాడు. పదేళ్ళుగా మా పనంటే మనుషుల మధ్య ఉన్న మెట్లను ఒక్కొక్కటే తీసేసి పని తేలిక చేయడమనే అనుకున్నాను. కొన్ని మెట్లను తీయకూడదని, వాటి చుట్టూనే కట్టాలని నాకు నేర్పింది ఆ ఎకరంన్నర పొలం.

ఇప్పుడు కూడా కొత్త క్లయింట్ వచ్చి ఏ ప్లాట్‌ఫామ్ మంచిదండీ అని అడుగుతాడు. ఎంతమంది వాడతారు, సిగ్నల్ ఉంటుందా అని నేనూ అడుగుతాను. కానీ అంతకంటే ముందు, మీ పనిలో ఎవరి ఇంటికి వెళ్ళి అడగందే పని ముందుకు కదలదో వాళ్ళ పేరు చెప్పమంటాను. చాలామంది అలాంటివాళ్ళెవరూ లేరంటారు. అప్పుడు పుస్తకం మూసి, వాళ్ళ ఊరికి ఒకసారి వెళ్ళొస్తాను.